పడవ డెలివరీకి రమ్మంటే ఎగిరి గంతేసే ముందు

తిరుపతిలో ఉండేవాడికి సముద్రంతో ఏం పని అని మీరు అడగొచ్చు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మా జిల్లాకూ కాస్త తీరం వచ్చింది గానీ, మాకు నీళ్లంటే ఇప్పటికీ కపిలతీర్థం, లేదంటే ఎండాకాలం వీధి మొదట్లో ఆగే ట్యాంకరు. నా పని లాడ్జీల్లో, కల్యాణ మండపాల్లో డీజిల్ జనరేటర్లు బాగుచేయడం. మా బావ మాత్రం చాలా ఏళ్లు మర్చంట్ నేవీలో చేసి, ఇప్పుడు తెరచాప పడవల్ని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తోలుకెళ్లి అప్పగించే పనిలో ఉన్నాడు. ఒక జనవరి చివర్లో ఫోన్ చేసి, "బామ్మర్దీ, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ నుంచి కొచ్చికి 40 అడుగుల పడవ తేవాలి. నీకు ఇంజను తెలుసు, ఈతొచ్చు. ముగ్గురుంటే కాస్త నిద్ర దక్కుతుంది, వస్తావా?" అన్నాడు. ఆ నిద్ర మాటను నేను సరిగ్గా వినలేదు. తెల్లటి తెరచాప, సాయంత్రపు ఎండ, డెక్ మీద కాళ్లు చాపుకుని నేను, ఇదే కళ్ల ముందు కదిలింది. సరేనన్నాను.

తిరిగొచ్చాక అందరూ అడిగింది ఒక్కటే, తుఫానొచ్చిందా అని. రాలేదని చెప్తే వాళ్ల మొహంలో కాస్త నిరాశ. తుఫాను లేకుండానే మనిషి ఎంత నలిగిపోతాడో చెప్దామంటే వినే ఓపిక ఎవరికీ ఉండదు, ఎందుకంటే అది ఒక కథ కాదు, పాతిక చిన్నచిన్న విషయాలు ఒకదాని తోక ఇంకోటి పట్టుకుని రావడం. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందు డెలివరీ అంటే ఏంటో చెప్పాలి. ఒకాయన ఒక దేశంలో పడవ కొంటాడు, అది ఇంకో దేశంలో కావాలి. పెద్ద ఓడ మీదికి ఎక్కించి తెప్పించుకోవచ్చు, కానీ ఆ ఖర్చు చూసి చాలామంది వెనక్కి తగ్గి, పడవ నడిపించే ఒక స్కిప్పర్‌ని, ఇద్దరు ముగ్గురు మనుషుల్ని పెట్టి సముద్రం మీదే తోలించుకుంటారు. సొంత పడవలో సరదాగా తిరిగేవాడికి ఆ పడవలో ఏ తలుపు సరిగా పడదో, ఏ కుళాయి కారుతుందో తెలుసు, గాలి బాగాలేకపోతే వారం రోజులు రేవులోనే కూర్చుంటాడు. మాకు ఆ రెండూ లేవు. పడవ మాది కాదు, తేదీ కూడా మా చేతిలో లేదు. నేను పడ్డ ఇబ్బందుల్లో సగం సముద్రం పెట్టినవైతే, మిగతా సగం ఈ రెండింటి వల్లే.

ఇక వేగం. నాట్లు అంటే వరి నాట్లు కాదు, గంటకు ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. మా పడవ సగటున ఐదున్నర నాట్లు, గంటకు దాదాపు 10 కిలోమీటర్లు. సైకిల్ ఇంతకన్నా బాగా పోతుంది. గాలి ఎంత ఉన్నా పెద్దగా పెరగదు కూడా, ఎందుకంటే ఇలాంటి పడవ తను లేపిన అలలోనే తను ఇరుక్కుంటుంది. నీటిని తాకే పొడవు ఎంతుంటే దాన్నిబట్టి ఒక హద్దు ఉంటుంది. మా సైజు పడవకు అది ఎనిమిది నాట్ల దగ్గర. ఫుకెట్ నుంచి శ్రీలంకలోని గాలేకి సుమారు 1,100 నాటికల్ మైళ్లు, 2,000 కిలోమీటర్ల పైమాట. తిరుపతి నుంచి కాశీ దాటేదాకా సైకిల్ మీద పోవడం అనుకోండి, కానీ మధ్యలో కాలు కింద పెట్టకూడదు, రాత్రిళ్లు ఆగకూడదు. ఎనిమిది తొమ్మిది రోజులు.

వాంతుల సంగతి ముందు తేల్చేద్దాం, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. తిరుమల కొండ దిగే బస్సెక్కినవాళ్లకు దీన్ని కొత్తగా చెప్పక్కర్లేదు. ముందు సీట్లో కూర్చుని మలుపు చూస్తున్నవాడు బాగానే ఉంటాడు, డ్రైవర్‌కి అసలేం కాదు, వెనక సీట్లో తల దించుకుని ఫోన్ చూస్తున్నవాడికి మూడో మలుపుకే నోట్లో నీళ్లూరతాయి. లోపలి చెవిలో మూడు అర్ధవలయ నాళాలుంటాయి, తల ఎటు తిరిగిందో చెప్పడం వాటి పని. వాటి పక్కనే సున్నపు రేణువులతో పనిచేసే ఇంకో ఏర్పాటు ఉంది, అది పైకి లేస్తున్నామా, కిందికి జారుతున్నామా చెప్తుంది. చెవేమో ఊగుతున్నామంటుంది, క్యాబిన్ గోడను చూస్తున్న కళ్లేమో ఎక్కడా ఏమీ కదల్లేదంటాయి. ఇద్దరు సాక్షులు రెండు మాటలు చెప్తే మెదడుకు ఏం చేయాలో తోచదు. ఏదో విషం తిన్నట్టున్నాడు, కక్కించేద్దాం అని అది నిర్ణయిస్తుందని ఒక వాదన ఉంది. అది ఎంతవరకు నిజమోగానీ, లోపలి చెవి అస్సలు పనిచేయనివాళ్లకు ఈ జబ్బు రాదు, ఇది మాత్రం ఎప్పుడో తేలిన విషయం.

మనిషిని ఎక్కువగా తిప్పేది పెద్ద ఊపు కాదు, నెమ్మది ఊపు. 5 సెకన్లకు ఒకసారి పైకి లేచి కిందికి దిగే కదలిక అన్నిటికన్నా చెడ్డదని ప్రయోగాల్లో తేలింది. గుంతల రోడ్డు మీద ఆటోలో నడుం పడిపోతుంది గానీ వాంతి రాదు, అది మరీ వేగంగా కుదుపుతుంది కాబట్టి. రెండు మీటర్ల అలల మీద 40 అడుగుల పడవ దాదాపు ఆ పాడు తాళంలోనే ఊగుతుంది. మనం అల్పులం అని బాధపడక్కర్లేదు. డార్విన్ 1831 నుంచి 1836 దాకా బీగిల్ ఓడలో తిరిగినన్నాళ్లూ దీంతో అవస్థ పడ్డాడు, బ్రిటిష్ నౌకాదళంలో అంత పేరున్న నెల్సన్‌కీ ఇది తప్పలేదు.

మాత్రలున్నాయి. మన దగ్గర బస్సు ప్రయాణాలకు వేసుకునే అవోమిన్ అందరికీ తెలిసిందే, పడవలవాళ్లు ఎక్కువగా స్టుజెరాన్ అంటారు. ఏదైనా డాక్టర్‌ని అడిగి, బయల్దేరకముందే వేసుకోవాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేస్తే అది లోపల నిలిస్తేగా పనిచేయడానికి. నేను రేవులో బాగానే ఉన్నాను కదా అని వేసుకోలేదు. ఫుకెట్ కొండలు ఇంకా కనిపిస్తుండగానే బకెట్ పట్టుకున్నాను. బావ ఏమీ అనకుండా చుక్కాని నా చేతికిచ్చి, ఆకాశం నీళ్లు కలిసే గీత చూస్తూ నడపమన్నాడు. నిజంగానే తగ్గింది. ఘాట్ రోడ్డులో డ్రైవర్‌కి ఏం కాకపోవడం ఇందుకే, వచ్చే ఊపు అతనికి ముందే తెలుసు.

కానీ ఎంతసేపని చుక్కాని పట్టుకుంటాం? వంటా కిందే, పడకా కిందే, దొడ్డీ కిందే. కిందికి దిగితే ఆ గీత కనపడదు, మళ్లీ మొదలు. కాబట్టి కిందికి పోం, పోకపోతే నిద్ర లేదు. వాంతి వస్తుందని నీళ్లు తాగం, తాగకపోతే తలపోటు. తలపోటుతో కాపలా కూర్చుంటే కళ్లు మూతలు పడతాయి. ఇందులో ఏ ఒక్కటీ ప్రాణం తీసేది కాదు, అన్నీ కలిసి మనిషిని గుడ్డ పిండినట్టు పిండుతాయి. చాలామందికి రెండు మూడు రోజుల్లో శరీరం సర్దుకుంటుంది. నాకు మూడో రోజు మధ్యాహ్నం ఒక దోసెడు బొరుగులు, చిత్తూరు బెల్లం ముక్క నిలిచాయి. ఆ బెల్లం రుచి ఇప్పటికీ నాలుక మీదుంది.

ఊపు కడుపుతో ఆగదు. గాలి పక్క నుంచి కొడితే పడవ ఒక వైపుకు 15, 20 డిగ్రీలు వాలి అలాగే గంటల తరబడి పోతుంది. వెనక నుంచి వస్తే ఆ ఆనిక కూడా ఉండదు, ఈ పక్కకూ ఆ పక్కకూ పొర్లుతూనే ఉంటుంది. నిలబడితే ఒక చెయ్యి ఎప్పుడూ దేన్నో పట్టుకునే ఉండాలి. ప్యాంటు వేసుకోవడానికి కూర్చోవాలి, టీ పోయడానికి నడుంతో గోడకు ఆనుకోవాలి. పడుకున్నా ఒళ్లు పనిచేస్తూనే ఉంటుంది, అందుకే పడక పక్కన గట్టి గుడ్డను తొట్టిలా కట్టుకుని అందులో దూరతాం. బ్రహ్మోత్సవాల్లో వాహనం మోసేవాళ్లు కావాలని లయగా ఊపుతుంటే చూసి మురిసిపోతాం కదా, పైన కూర్చున్న స్వామి ఓర్పు ఎంతటిదో నాకు ఆ తొట్టిలో తెలిసింది.

చప్పుడు సంగతి ఎవరూ చెప్పరు. బయట డెక్ మీద గాలి, నీళ్లు తప్ప ఏమీ వినపడదు, హాయిగా ఉంటుంది. లోపల మాత్రం తలకు అరచేయి మందం దూరంలో నీళ్లు కొడుతుంటాయి, తెరచాప కట్టే స్తంభం మీద తాడు టకటకలాడుతుంది, చుక్కానిని దానంతటదే తిప్పే ఆటోపైలట్ మోటారు మూలుగుతుంది. వీటన్నిటికీ అలవాటు పడొచ్చు. అలవాటు పడలేనిది అలమరలో ఎక్కడో దొర్లుతున్న ఒక స్పూను. పడవ ఇటు పొర్లితే టింగ్, అటు పొర్లితే టింగ్. రెండో రోజు అర్ధరాత్రి అన్ని అరలూ తెరిచి, ఆ స్పూను పట్టుకుని, నా సాక్సులో పెట్టి ముడేశాను.

ఇక బావ ఫోన్లో చెప్పిన నిద్ర. ముగ్గురుంటే ఒక్కొక్కరు 3 గంటలు కాపలా, తర్వాత 6 గంటలు విడుపు. కాగితం మీద లెక్కేస్తే రోజుకు 16 గంటల విశ్రాంతి, గవర్నమెంటు ఉద్యోగం కన్నా మేలు. అందులో వంట, గిన్నెలు, లోపలికొచ్చిన నీళ్లు తోడడం తీసేయండి. గాలి మారితే తెరచాప మార్చడానికి పడుకున్నవాణ్ణి కూడా లేపుతారు, అది తీసేయండి. తడి బట్టలు విప్పి, తొట్టిలోకి దూరి, స్పూను చప్పుడు మరిచిపోయేసరికి ఇంకో అరగంట. నాకు రోజుకు నాలుగైదు గంటలు దక్కింది, అదీ ముక్కలు ముక్కలుగా. సర్వదర్శనం కంపార్ట్‌మెంట్‌లో ఇరవై గంటలు కూర్చున్నవాళ్లకు ఈ కునికిపాట్లు తెలుసు. అక్కడ నేల కదలదు, పాలు ఉప్మా తెచ్చిపెడతారు, పైగా చివర్లో దర్శనం ఉంటుంది.

ఎందుకంత కాపలా, నడిసముద్రంలో ఏముంటుంది అనిపిస్తుంది. ఓడలుంటాయి. 1972 నాటి అంతర్జాతీయ నౌకా నిబంధనల్లో ఐదోది, ప్రతి పడవా అన్ని వేళలా కళ్లతో, చెవులతో గమనిస్తూ ఉండాలంటుంది. నిద్రొచ్చిందని మినహాయింపు లేదు. లెక్క చూడండి. 20 నాట్ల మీద వచ్చే సరుకు ఓడ 5 నాటికల్ మైళ్ల దూరం నుంచి మన మీదికి రావడానికి 15 నిమిషాలు చాలు. అంటే కాపలావాడు పావుగంట కన్ను మూస్తే చాలు. ఆ ఓడ వాళ్లకు మన చిన్న దీపం కనిపిస్తుందన్న నమ్మకం పెట్టుకోకూడదు. ఓడలు తమ ఉనికిని రేడియోలో చెప్పుకునే ఏఐఎస్ అనే పరికరం ఉంది, మా తెరమీద పెద్ద ఓడలు త్రికోణాల్లా కనపడేవి. చేపల పడవలు చాలావాటికి అది ఉండదు, వాటిని కళ్లతోనే పట్టుకోవాలి.

గ్రేట్ నికోబార్ దీవి చివర ఇందిరా పాయింట్‌కి దక్షిణంగా పోయే దారిలో మలక్కా జలసంధి నుంచి పడమటికి వచ్చే ఓడలన్నీ తగుల్తాయి. మళ్లీ శ్రీలంక కింద దొండ్ర కొన దగ్గర, అది ప్రపంచంలోనే బాగా రద్దీగా ఉండే ఓడల దారుల్లో ఒకటి. అక్కడ నాది అర్ధరాత్రి 12 నుంచి 3 దాకా వంతు. దూరంగా ఒక తెల్ల దీపం, దాని వెనక కొంచెం పైన ఇంకోటి. బావ నేర్పిన పద్ధతి ఇది. నువ్వు కదలకుండా కూర్చుని, డెక్ చుట్టూ ఉన్న కమ్మీల్లో ఒకదానికి సూటిగా ఆ దీపాన్ని పెట్టు. పది నిమిషాలకు దీపం కమ్మీకి ఎడమకో కుడికో జరిగితే బతికిపోయాం, అది దాటిపోతుంది. జరక్కుండా అదే కమ్మీ మీద కూర్చుని పెద్దదవుతుంటే మాత్రం అది మన కోసమే వస్తున్నట్టు. మా పడవ సూటిగా పోతున్నంతసేపే ఈ లెక్క చెల్లుతుంది, నికరంగా చూడాలంటే దిక్సూచి ఉండనే ఉంది. ఆ రాత్రి దీపం కమ్మీ మీదే కూర్చుంది. బావను లేపాను. ఆయన లేచి, ఒకసారి చూసి, చుక్కాని 20 డిగ్రీలు తిప్పి, "బాగా లేపినావు" అని మళ్లీ పడుకున్నాడు. ఓడ దాటిపోయాక దాని ఇంజను దడ నీళ్లలోంచి మా అడుగుకు తగిలింది. తర్వాత ఆరు గంటలూ నాకు నిద్ర అన్న మాటే రాలేదు, నా విడుపంతా అలా పోయింది.

ఇప్పుడు అసలు డెలివరీ కష్టం. ఓనరు ఫోన్లో పడవ ఫస్ట్ క్లాస్ కండిషన్ అన్నాడు, ఇంజను సర్వీసింగ్ అయిందన్నాడు. అబద్ధం కాదు, నిజంగానే అయింది. కానీ పడవ రెండేళ్లుగా రేవులో కట్టేసి ఉంది. సగం నిండిన డీజిల్ ట్యాంకులో రాత్రి చల్లబడ్డప్పుడల్లా పైభాగంలో తేమ బొట్లు కట్టి కిందికి దిగుతుంది, నీళ్లు డీజిల్ కన్నా బరువు కాబట్టి అడుగున చేరతాయి. ఆ నీళ్లకూ డీజిల్‌కూ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరుగుతాయి, కొన్నాళ్లకు నల్లటి జిగురు తయారవుతుంది. రేవులో ఇంజను గంటసేపు వేసి చూపిస్తే అది అడుగున కదలకుండా పడుంటుంది. సముద్రంలోకి వచ్చి ట్యాంకును కవ్వంతో చిలికినట్టు చిలికితే మొత్తం పైకి లేచి ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది.

రెండో రాత్రి గాలి పడిపోయి ఇంజను మీద పోతున్నాం, ఒక్కసారి శబ్దం సన్నబడింది, రెండుసార్లు దగ్గింది, ఆగింది. నాకు జనరేటర్ల భాష తెలుసు కాబట్టి ఆ దగ్గు వినగానే డీజిల్ అందట్లేదని అర్థమైంది. ఇంజను ఎక్కడుందంటే, కిందికి దిగే మెట్ల వెనక. మెట్లు పీకి పక్కన పెట్టాలి. పీకితే పైనున్నవాడు పైనే, కిందున్నవాడు కిందే. తలకు లైటు కట్టుకుని, కాళ్లు ఒక గోడకు, భుజం ఇంకో గోడకు తన్నిపెట్టి, తల కిందికి దించి ఫిల్టర్ గిన్నె విప్పాను. లోపల కాఫీ డికాక్షన్ మడ్డిలాంటి జిగురు. పడవ పొర్లింది, గిన్నెలో ఉన్నదాంట్లో సగం నా మోచేతి మీదుగా నేల మీద పడింది. వేడి ఇంజను, పచ్చి డీజిల్ వాసన, దించిన తల, అప్పటికింకా సర్దుకోని కడుపు. ఏం జరిగిందో రాయక్కర్లేదు.

ఫిల్టర్ మార్చితే అయిపోదు. గొట్టంలోకి ఎయిర్ పట్టి ఉంటుంది. మా తాత ఊర్లో బోరు రాకముందు బావి మీద ఆయిలింజను ఉండేది, ఎయిర్ తీయడం నాకు పదేళ్ల వయసులోనే ఆయన నేర్పాడు. ఫిల్టర్ మీది చిన్న స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతుంటే ముందు నురగ వస్తుంది, తర్వాత బుడగలు, ఆ తర్వాత బుడగ లేని డీజిల్ వస్తుంది, అప్పుడు బిగించాలి. పొలం గట్టు మీద పది నిమిషాల పని. అక్కడ రెండు గంటలు పట్టింది, స్క్రూ ఒకసారి చేయి జారి అడుగుకు పోయి దాన్ని అయస్కాంతంతో వెతికి తీశాం. ఫిల్టర్లు గాలే రేవు చేరేలోపు ఐదుసార్లు మార్చాను. బావ బయల్దేరేటప్పుడు ఎనిమిది కొన్నాడు. ఎందుకన్ని అని రేవులో నవ్వినవాణ్ణి నేనే.

ఇంజను ఆగితే ఏమవుతుంది, తెరచాప ఉంది కదా అనుకోవచ్చు. గాలుంటే పడవ పోతుంది, నిజమే. కానీ బ్యాటరీలు నింపేది ఎక్కువగా ఆ ఇంజనే, పైనున్న చిన్న సోలార్ పలక చాలదు. బ్యాటరీ దిగితే ముందు ఆటోపైలట్ పోతుంది. అది పోతే ప్రతి నిమిషం ఎవరో ఒకరు చుక్కాని చేత్తో పట్టుకోవాలి. అప్పుడు కాపలా అంటే కూర్చుని చూడడం కాదు, మూడు గంటల కూలిపని. ట్యాంకు అడుగున ఉన్న నల్లటి జిగురు అలా తిరిగి తిరిగి వచ్చి మన నిద్ర తింటుంది.

తిండి గురించి ఒక్క ముచ్చట. కడుపు సర్దుకున్నాక నాకు సంగటి మీద మనసు పోయింది. మా ఆవిడ రాగిపిండి, ఊరిబిండి, వేయించిన చెనిక్కాయలు కట్టి పంపింది. పడవలో పొయ్యి రెండు ఇరుసుల మీద వేలాడుతుంది, పడవ ఎంత వాలినా గిన్నె మాత్రం నిటారుగా ఉండేలా. చూడ్డానికి భలే ఏర్పాటు. కానీ సంగటి అంటే కట్టె వేసి బలంగా గెలకాలి కదా. నేను కట్టెతో ఒక్కసారి అదిమేసరికి పొయ్యి మొత్తం నా వైపు వంగింది, ఉడుకుతున్న సంగటి గిన్నె జారి పొట్ట మీదికి వచ్చేదే. వేలాడే పొయ్యి మీద బరువు మోపకూడదని ఎవరైనా ముందే చెప్పుండాల్సింది. చివరికి మంట ఆపి, గిన్నెను సింకులో ఇరికించి గెలికాను. ఉండలు కట్టింది, అయినా ముగ్గురం గిన్నె నాకేశాం.

దొడ్డి గురించి ఎక్కువ రాయను. చేత్తో కొట్టే పంపు, తిన్నది తప్ప ఇంకేది వేసినా అడ్డం పడుతుంది, బాగుచేసేది వేసినవాడే. పడవ వాలినప్పుడు అందులో కూర్చోవడం ఒక విద్య, అందుకే చాలామంది రెండు మూడు రోజులు వాయిదా వేసి కొత్త బాధ తెచ్చుకుంటారు. మగవాళ్లు పడవ అంచు పట్టుకుని నిలబడి పని కానివ్వకూడదని బావ మొదటి రోజే గట్టిగా చెప్పాడు. 6 నాట్ల మీద పోతుంటే పడిపోయినవాడికి ఒక్క నిమిషంలో 185 మీటర్ల దూరం వచ్చేస్తుంది, అలల మధ్య తల కొబ్బరికాయంత కూడా కనపడదు. చీకటి పడ్డాక డెక్ మీదికి వస్తే నడుముకు పట్టీ, పట్టీకి తాడు, తాడు పడవకు. దాహం వేసినా, వాంతి వచ్చినా ముందు ఆ కొక్కెం తగిలించుకోవాల్సిందే.

గాలేలో రెండు రాత్రులు కదలని మంచం మీద పడుకున్నాం. అక్కణ్నుంచి కొచ్చికి ఇంకో 350 నాటికల్ మైళ్లు, మూడు రోజులే. కానీ మధ్యలో మన్నార్ సింధుశాఖ ఉంది. ఈశాన్య రుతుపవన కాలంలో ఇండియాకూ శ్రీలంకకూ మధ్య సందులోంచి గాలి దూసుకొస్తుంది, ఇరుకు సందులో గాలి వేగం పెరిగినట్టే. ముందస్తు అంచనాలో 30 నాట్లు చూపిస్తోంది, మూడు రోజులాగితే తగ్గేట్టుంది. ఓనరు ఫోను. శనివారం చుట్టాలను పిలిచాడట, పడవ పూజకు. బావకు డబ్బు మొత్తం ఒకటే, రోజుకింత అని కాదు, ఆగిన ప్రతిరోజూ మా తిండి, రేవు అద్దె ఆయన జేబులోంచే. ఒక్కరోజు ఆగి బయల్దేరాం. సొంత పడవ అయితే ఆయన చస్తే కదిలేవాడు కాదు.

ప్రమాదం ఏమీ జరగలేదు. తడిశాం, అంతే. అంతే అని రాయడం తేలిక. పొట్టి పొట్టి అలలు పక్క నుంచి కొడుతుంటే నిమిషానికోసారి బకెట్ నీళ్లు మొహాన పడ్డట్టు. సముద్రపు నీళ్లలో లీటరుకు 30 గ్రాముల పైనే ఉప్పుంటుంది, నీళ్లు ఆరినా ఉప్పు బట్టలో ఉండిపోతుంది. అందులో మెగ్నీషియం లవణాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి, వానాకాలంలో ఉప్పు డబ్బా చెమ్మగిల్లినట్టు. అందుకే ఎండలో ఆరేసిన చొక్కా సాయంత్రానికి మళ్లీ తడి. ఆ తడి ప్యాంటుతో గంటలు గంటలు కూర్చుంటే పిర్రల మీద పొక్కులు లేస్తాయి, కూర్చోలేం, నిలబడలేం. కిందికి పోదామంటే నీళ్లు రాకుండా కిటికీలన్నీ బిగించి ఉంటాయి, లోపల ఇడ్లీ పాత్రే. మంచినీళ్లు చెంబులతో కొలిచి వాడాలి. స్నానమంటే సముద్రపు నీళ్ల బకెట్, గిన్నెలు తోమే లిక్విడు, చివర్లో ఒంటి మీది ఉప్పు పోయేలా ఒక్క చెంబు మంచినీళ్లు. మామూలు సబ్బు ఉప్పునీళ్లలో నురగ రాదు. ఆ ఒక్క చెంబు నెత్తిన పోసుకున్నప్పుడు మా వీధి ట్యాంకరు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఆ మూడు రోజుల్లో ముగ్గురి మధ్యా మాటలు తగ్గాయి. గొడవ కాదు, విసుగు. మూడో అతను టీ తాగి కప్పు కడగకుండా పెడితే నాకు ఒళ్లు మండేది, నేను ముక్కు ఎగబీలిస్తే అతనికి. ఒడ్డున ఉంటే అసలు గమనించని విషయాలు.

కావాలని ఈ బతుకు బతికినవాళ్లున్నారు. మన నౌకాదళం నుంచి ఆరుగురు ఆడవాళ్లు ఐఎన్ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవలో 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి, ప్రపంచమంతా చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు, 254 రోజులు. వాళ్లలో విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య ఉన్నారు. అప్పట్లో ఆ వార్త చదివి బాగుందనుకుని పేజీ తిప్పేశాను. ఇప్పుడు 254 అన్న అంకె చూస్తే నా పిర్రలు మండుతాయి. కాకపోతే ఒక తేడా ఉంది. వాళ్లు ఆ పడవతో నెలల తరబడి సాధన చేసి, దాని ప్రతి బోల్టూ తెలుసుకుని పోయారు. మేం ఎక్కేముందు మా పడవను చూసింది రెండు రోజులు.

కొచ్చిలో బోల్గాట్టి దగ్గర పడవ కట్టేసి గట్టు మీద కాలు పెట్టగానే గట్టు ఊగింది. ఇది మామూలే, ఊపుకు అలవాటుపడ్డ మెదడు నేలను కూడా సరిచేయబోతుంది. చాలామందికి ఒకట్రెండు రోజుల్లో పోతుంది. తిరుపతిలో ఇంటికొచ్చి స్నానానికి కళ్లు మూసుకుని నీళ్లు పోసుకుంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. ఆ రాత్రి సరిగ్గా 12కు మెలకువ వచ్చి మిద్దె మీదికి పోయాను. కొండ మీద ఘాట్ రోడ్డు దీపాలు కనపడ్డాయి. పిట్టగోడ మూలకు ఒక దీపాన్ని సూటిగా పెట్టి చూస్తూ నిలబడ్డాను. వెనకే వచ్చిన మా ఆవిడ కాసేపు చూసి, "దీపం ఎక్కడికీ పోదు గానీ, రా పడుకుందువు" అంది.

మళ్లీ జూన్‌లో బావ ఫోన్ చేశాడు. వానలు తగ్గాక, జనవరిలో ఇంకో పడవుందట, ఫుకెట్ నుంచే. ఈసారి గంతేయలేదు. ట్యాంకులో డీజిల్ ఎన్నాళ్ల కిందటిది అని అడిగాను. మొత్తం తీయించి ట్యాంకు కడిగించాకే ఎక్కుదాం అన్నాడు. ఎప్పటికి చేర్చాలి అన్నాను. తేదీ లేదు, ఎప్పుడైనా సరే అని రాసిచ్చారన్నాడు. మనసు కాస్త కదిలింది. ఎంతమందిమి అని అడిగాను.

"ఇద్దరమే" అన్నాడు.

కల్యాణ మండపంలో జనరేటర్ ఆగిపోయిందని చెప్పి ఫోన్ పెట్టేశాను.